ఎడమ కాలి ఇంగ్లిష్

డిచ్‌పల్లి దాటి ఆర్మూర్ వైపు సాగే జాతీయ రహదారి మీద ఇంగ్లిష్‌కు కరవు లేదు. లారీల వెనక 'హార్న్ ఓకే ప్లీజ్' అని రాసి ఉంటుంది. డాబాల బోర్డులు, పెట్రోలు బంకుల బోర్డులు, ఊరి పేర్లు... అన్నీ ఇంగ్లిష్‌లోనే. ఆ దారిలో ఉన్న జక్రాన్‌పల్లి మండలంలో ఇవన్నీ గడగడా చదివేసే పిల్లలు కొల్లలు. అదే పిల్లల్ని నిలబెట్టి 'నీ గురించి నాలుగు ముక్కలు ఇంగ్లిష్‌లో చెప్పు బిడ్డా' అంటే మాత్రం నేలచూపులు చూస్తారు. వచ్చిన మాట కూడా గొంతులోనే ఆగిపోతుంది.

సాయంత్రం బడి మైదానంలోకి వెళ్తే ఆ నోళ్లే వేరేగా కనిపిస్తాయి. 'పాస్', 'కార్నర్', 'హ్యాండ్', 'ఫౌల్', 'అవుట్' అని అరిచేది వాళ్లే. అక్కడ ఎవరికీ బెరుకు లేదు, వ్యాకరణం తప్పుతుందన్న భయం లేదు. మాట నోట్లోంచి వచ్చేలోపే కాలు కదులుతుంది. కాలు కదిలిందంటే అర్థం తెలిసినట్టే కదా!

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 విద్యా సంవత్సరం నుంచి ఇంగ్లిష్ మీడియం మొదలైంది. పుస్తకం మారింది కానీ ఇంట్లో మాట మారలేదు. అమ్మానాన్నలకు ఇంగ్లిష్ రాని ఇళ్లలో పిల్లలకు ఆ భాష పుస్తకంలో అచ్చయిన వస్తువుగానే మిగిలిపోతోంది. అలాంటి చోట ఫుట్‌బాల్ మైదానం ఓ మంచి తరగతి గది. అక్కడి పదాలు కాసిని, వాక్యాలు చిన్నవి, అర్థం కళ్లెదుటే ఉంటుంది.

ఇదేమీ సరదా సంగతి కాదు. జిల్లా జట్టు దాటి రాష్ట్ర శిబిరానికో, జాతీయ శిబిరానికో వెళ్లిన పిల్లలకు కోచ్ తెలుగువాడే దొరుకుతాడన్న భరోసా లేదు. పక్కన ఆడేవాళ్లది మలయాళమో, మణిపురీయో, బెంగాలీయో కావచ్చు. తండా నుంచి వచ్చిన అమ్మాయి అయితే ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, బజారులో హిందీ దాటుకుని అక్కడికి చేరాలి. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య ఇలాంటి దూరమే ప్రయాణించింది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. 2024-25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టుకు ఆడింది. ఆ ఏడాదికి ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఆమెనే ఎంపిక చేసింది. నిజామాబాద్ నుంచి జాగ్రెబ్ దాకా నేల మారుతుంది, తిండి మారుతుంది, భాష మారుతుంది. కార్నర్‌ను మాత్రం అన్ని చోట్లా కార్నర్ అంటే అర్థమవుతుంది. ఆ దారిలో వెళ్లాలనుకునే పిల్లలకు బంతితోపాటు ఈ మాటలూ చేతిలో ఉండాలి.

పాత మాట, కొత్త వేషం

ఫుట్‌బాల్ పదాల్లో చాలావరకు పిల్లలకు ముందే తెలిసినవి. కాకపోతే మైదానంలో వాటి వేషం వేరు. 'పాస్' అంటే పరీక్షలో గట్టెక్కడం అని తెలుసు. ఇక్కడ బంతిని తోటివాడికి అందించడం. 'మార్క్' అంటే ప్రోగ్రెస్ కార్డులో అంకె. ఇక్కడ ప్రత్యర్థిని నీడలా అంటిపెట్టుకుని ఉండటం. 'మార్క్ హిమ్' అని కోచ్ అరిస్తే కాగితం, పెన్ను వెతుక్కోకూడదు. 'సేవ్' అంటే డబ్బు దాచుకోవడం. ఇక్కడ గోల్‌లోకి వెళ్లబోయే బంతిని కీపర్ ఆపడం. 'క్రాస్' అంటే రోడ్డు దాటడం. ఇక్కడ మైదానం అంచు నుంచి గోల్ ముందుకు బంతిని పంపడం. 'డ్రా' అంటే బొమ్మ గీయడం. ఇక్కడ ఇద్దరూ సమానంగా నిలవడం.

'గోలీ' సంగతి ఇంకా తమాషా. మన ఊళ్లలో గోలీ అంటే వీధిలో ఆడుకునే గాజుగుండు, లేదా జ్వరానికి వేసుకునే మాత్ర. ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్‌కు ముద్దుపేరు అది. 'ఫౌల్' అన్నా అంతే. ఆటలో నియమం తప్పడం ఒక ఫౌల్, కోడి ఇంకో ఫౌల్. చెవికి రెండూ ఒకటే. స్పెల్లింగ్‌లో మొదటిదానికి 'యు', రెండోదానికి 'డబ్ల్యూ'. ఆటలో ఫౌల్‌కు మన పిల్లల దగ్గర చక్కని మాట ఒకటి ఎప్పటినుంచో ఉంది. 'తొండి'. తొండిలో కావాలని చేసిన మోసం ఉంటుంది. ఫౌల్ మాత్రం పొరపాటున కాలు తగిలినా ఫౌలే. 

'సెండాఫ్' విన్నారుగా! పదో తరగతి పిల్లలకు జూనియర్లు, రిటైరయ్యే మేష్టారికి తోటి ఉద్యోగులు శాలువా కప్పి, ఫొటోలు దిగి ఇచ్చేది. ఫుట్‌బాల్‌లో సెండాఫ్ అంటే రెడ్ కార్డ్ చూపించి బయటికి పంపేయడం. అక్కడ శాలువా ఉండదు. 'బుక్' కూడా అలాంటిదే. బస్సు టికెట్ బుక్ చేస్తాం, గ్యాస్ సిలిండర్ బుక్ చేస్తాం. ఆటగాణ్ని రెఫరీ బుక్ చేశాడంటే అర్థం పోలీసులు కేసు బుక్ చేసినదానికి దగ్గర. పేరు రాసుకుని, ఎల్లో కార్డ్ చూపించి, హెచ్చరించాడని.

'క్యాప్' అనేది గౌరవం. దేశం తరఫున ఆడిన ఒక్కో మ్యాచ్‌ను ఒక్కో క్యాప్‌గా లెక్కిస్తారు. యాభై క్యాప్‌లున్నాయంటే యాభై అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడినట్టు. మన దగ్గర 'టోపీ పెట్టాడు' అంటే వేరే సంగతి!

ఇన్ని అర్థాలా అని కంగారు పడాల్సిన పని లేదు. తెలుగు తక్కువ తిన్నదా? గుళ్లో కొబ్బరికాయ కొడతాం, పొలానికి మందు కొడతాం, బండికి గాలి కొడతాం, స్నేహితుడికి ఫోన్ కొడతాం. ఏ 'కొట్టడం' ఏదో తెలుగు పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పరు. సందర్భం చెబుతుంది. ఇంగ్లిష్ పదానికీ సందర్భమే అర్థం. జాబితా రాసుకుని బట్టీ పట్టిన మాట పరీక్ష అయ్యాక ఎగిరిపోతుంది. ఆడుతూ విన్న మాట ఉండిపోతుంది.

ఒక్క 'కొట్టు'కు ఎన్ని మాటలో

ఆ 'కొట్టు' దగ్గరే మన పిల్లలు ఇంగ్లిష్‌లో తడబడతారు. తెలుగులో బంతిని కొడతారు, గోల్ కొడతారు, పెనాల్టీ కొడతారు, తలతో కొడతారు. ఇంగ్లిష్‌లో ఒక్కోదానికీ ఒక్కో క్రియ. బంతిని 'కిక్' చేస్తారు. తలతో అయితే 'హెడ్' చేస్తారు. గోల్‌ను 'స్కోర్' చేస్తారు. పెనాల్టీని, కార్నర్‌ను, ఫ్రీ కిక్‌ను 'టేక్' చేస్తారు. 'హీ స్కోర్డ్ ఎ గోల్', 'షీ టుక్ ద పెనాల్టీ' అనాలి. 'హీ హిట్ ఎ గోల్' అంటే వినేవాళ్లకు విషయం అందుతుంది గానీ చెవికి ఇంపుగా ఉండదు. గోల్ ఇచ్చుకున్న జట్టు గురించి చెప్పాలంటే 'కన్సీడ్'. 'దే కన్సీడెడ్ టూ గోల్స్'. ఒక్క గోల్ కూడా ఇవ్వకపోతే 'క్లీన్ షీట్'. ఆ షీట్ దుప్పటి కాదు, మరక పడని కాగితం.

పెద్దవాళ్లు కూడా తరచూ జారేది 'గెలుపు' దగ్గర. తెలుగులో మ్యాచ్ గెలిచాం అంటాం, కొరియాపై గెలిచాం అంటాం. దాన్నే యథాతథంగా దించి 'ఇండియా వన్ కొరియా' అనేస్తారు. అంటే కొరియా అనే బహుమతిని గెలుచుకున్నట్టు! మ్యాచ్‌నో, కప్పునో, పతకాన్నో 'విన్' చేస్తారు. మనిషినో, జట్టునో 'బీట్' చేస్తారు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్ జరిగింది. భారత్ 2-1తో దక్షిణ కొరియాను ఓడించింది. పి.కె.బెనర్జీ, జర్నైల్ సింగ్ గోల్స్ చేశారు. ఆ వార్తను ఇంగ్లిష్‌లో చెబితే 'ఇండియా బీట్ సౌత్ కొరియా', 'ఇండియా వన్ ద గోల్డ్ మెడల్'. ఈ రెండు వాక్యాలు నాలుకకు అలవాటైతే ఆటల్లోనే కాదు, ఎన్నికల ఫలితాల గురించి మాట్లాడేటప్పుడూ తప్పు రాదు. ఇంకో సుళువు ఏమిటంటే 'బీట్'కు భూతకాలంలోనూ రూపం మారదు. నిన్నయినా, నేడయినా బీటే.

అంకెలు చదవడంలోనూ ఓ పద్ధతుంది. 2-0ను 'టూ జీరో' అనకుండా 'టూ-నిల్' అంటారు. 1-1 అయితే 'వన్-ఆల్'. అంటే అందరికీ ఒకటి. వెనకబడ్డ జట్టును సమానం చేసిన గోల్ 'ఈక్వలైజర్'. ఒకే ఆటగాడు రెండు గోల్స్ చేస్తే 'బ్రేస్', మూడు చేస్తే 'హ్యాట్రిక్'.

హ్యాట్రిక్ అసలు ఫుట్‌బాల్‌లో పుట్టలేదు. క్రికెట్‌లో పుట్టింది. 1858లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో స్టీఫెన్సన్ అనే బౌలర్ వరస బంతుల్లో మూడు వికెట్లు తీస్తే, చందా పోగేసి ఓ టోపీ కొని బహూకరించారు. ఆ హ్యాట్ ఆట నుంచి ఆటకు తిరిగి, చివరికి మన దగ్గర హ్యాట్రిక్ ఎమ్మెల్యేల దాకా, హ్యాట్రిక్ హిట్ల హీరోల దాకా వచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను భారత్ 4-2తో ఓడించినప్పుడు నెవిల్ డిసౌజా చేసింది కూడా హ్యాట్రిక్కే. ఆ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

అరుపులే వాక్యాలు

'కర్త, కర్మ, క్రియ సరిగా కుదిరితేనే ఇంగ్లిష్' అన్న భయం చాలామంది పిల్లల నోరు నొక్కేస్తుంది. మైదానంలో వినిపించే ఇంగ్లిష్ చూస్తే ఆ భయం సగం పోతుంది. బంతి అందుకోబోతున్నవాడి వెనక ప్రత్యర్థి వచ్చేస్తుంటే తోటివాడు 'మ్యాన్ ఆన్' అని అరుస్తాడు. అందులో క్రియ లేదు, కాలం లేదు. 'నీ మీదికి మనిషి వస్తున్నాడు, చూసుకో' అన్న మొత్తం భావం ఆ రెండు మాటల్లో ఉంది. అమ్మాయిల ఆటలోనూ ఈ అరుపే వినిపిస్తుంది. వెనక ఎవరూ లేకపోతే 'టైమ్' అంటారు. తొందరలేదు, నింపాదిగా ఆడు అని. 'టర్న్' అంటే వెనక్కి తిరుగు, దారి ఖాళీ. 'అవే' అంటే బంతిని ముందు గోల్ దగ్గర్నుంచి దూరంగా తోసెయ్. 'పుష్ అప్' అంటే కసరత్తు కాదు, వెనక ఉన్న వరస అంతా ముందుకు జరగమని. 'కీపర్' అని గోల్‌కీపరే కేకేస్తే ఆ బంతి నాది, మీరు తప్పుకోండి అని.

'లీవ్ ఇట్' మాత్రం జాగ్రత్తగా వాడాల్సిన మాట. వదిలెయ్ అని తోటివాడికి చెప్పడం సరే. ప్రత్యర్థిని తికమక పెట్టడానికి అరిస్తే రెఫరీ ఎల్లో కార్డ్ చూపించవచ్చు. మాటతో చేసిన తొండికీ ఫుట్‌బాల్‌లో శిక్ష ఉంది.

ఇవన్నీ ఆజ్ఞలు. ఇంగ్లిష్‌లో ఆజ్ఞకు 'నువ్వు' అన్న మాట అక్కర్లేదు, కాలాలతో పని లేదు. ఒట్టి క్రియ చాలు. పాస్, షూట్, రన్, వెయిట్, డ్రాప్. పన్నెండు కాలాల పట్టికతో ఇంగ్లిష్ మొదలుపెట్టిన పిల్లలు పట్టిక దగ్గరే ఆగిపోతుంటారు. ఒట్టి క్రియలతో మొదలుపెట్టినవాళ్లు రెండో వారంలోనే ఒకరికొకరు ఏదో ఒకటి చెప్పుకోగలుగుతారు. ఆ తర్వాత 'హీ పాసెస్', 'హీ పాస్డ్' నేర్పితే పట్టికలోని మార్పుకు అర్థం ఉంటుంది. ఇప్పుడు జరుగుతున్నది కామెంటరీ, అయిపోయింది పేపర్లో వార్త.

నియమాల వెనక కథలు

కొన్ని మాటలకు కథ తెలిస్తే ఇక మరపు రాదు. 'రెఫరీ' సంగతే చూడండి. నిజామాబాద్ ఆసుపత్రి నుంచి హైదరాబాద్‌కు 'రిఫర్ చేశారు' అన్న మాట జిల్లాలో వినని ఇల్లుండదు. రెఫరీ పుట్టింది ఆ 'రిఫర్'లోంచే. తొలినాళ్లలో ఒక్కో జట్టుకు ఒక్కో అంపైర్ ఉండేవాడు. ఇద్దరికీ మాట కుదరనప్పుడు తగవును బయట ఉన్న మూడో పెద్దమనిషికి నివేదించేవారు. ఆయనే రెఫరీ. 1891లో ఆయన్ను మైదానంలోకి పిలిచి విజిల్ చేతికిచ్చారు. అంపైర్లు గీత పక్కకు వెళ్లి లైన్స్‌మెన్ అయ్యారు. క్రికెట్‌లో, హాకీలో అంపైర్. ఫుట్‌బాల్‌లో రెఫరీ. ఒకదానికొకటి వాడితే శిబిరంలో నవ్వుతారు.

'పెనాల్టీ' అందరికీ తెలిసిందే. కరెంటు బిల్లు గడువు దాటితే పడేది. ఫుట్‌బాల్‌లోకి 1891లోనే వచ్చింది. ఆలోచన ఐర్లండ్‌కు చెందిన విలియం మెక్‌క్రమ్ అనే గోల్‌కీపర్‌ది. తానే గోల్ కాస్తూ తనలాంటివాళ్లను ఇబ్బంది పెట్టే శిక్షను సూచించాడన్న మాట. ఆ చుక్క నుంచి గోల్ గీతకు దూరం పన్నెండు యార్డులు. యార్డు అంటే మన గజమే. ప్లాట్లు కొనేవాళ్లకు, చీరలు నేసేవాళ్లకు గజం కొత్త కాదు. గోల్ వెడల్పు ఎనిమిది గజాలు, ఎత్తు ఎనిమిది అడుగులు. ఫ్రీ కిక్ కొట్టేటప్పుడు అవతలివాళ్లు పది గజాల దూరంలో నిలబడాలి. ఆ వరస పేరు 'వాల్', అంటే గోడ. 

ఎల్లో, రెడ్ కార్డ్‌లను తెచ్చింది ఇంగ్లండ్ రెఫరీ కెన్ ఆస్టన్. 1966 ప్రపంచ కప్‌లో రెఫరీ ఎవర్ని హెచ్చరించాడో ఆటగాళ్లకు, జనానికి అర్థంకాని గందరగోళం తలెత్తింది. ఒకరి భాష ఒకరికి రాదు మరి. లండన్‌లో కారు నడుపుతూ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆస్టన్‌కు ఉపాయం తట్టింది. పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే ఆగు. 1970 మెక్సికో ప్రపంచ కప్‌లో కార్డ్‌లు మొదటిసారి వాడారు. భాష తెలియనివాళ్ల కోసం పుట్టిన భాష అది.

అందరినీ తికమక పెట్టేది 'ఆఫ్‌సైడ్'. ఇంగ్లిష్‌లో 'సైడ్' అంటే పక్క అని ఒక అర్థం, జట్టు అని ఇంకో అర్థం. బంతిని, తన జట్టును వెనక వదిలేసి ప్రత్యర్థి గోల్ దగ్గర ముందుగా కాచుకుని కూర్చోవడం కుదరదన్నదే ఈ నియమం. తోటివాడు బంతిని తన్నిన క్షణంలో, అవతలి సగంలో ఉన్న ఆటగాడు బంతి కంటే ముందు ఉండకూడదు. అలా ఉంటే, తనకూ గోల్ గీతకూ మధ్య కనీసం ఇద్దరు ప్రత్యర్థులైనా ఉండాలి. వెనక నుంచి రెండోవాడితో సమానంగా ఉన్నా పర్వాలేదు. 1925కు ముందు ముగ్గురు ఉండాల్సి వచ్చేది. ఆఫ్‌సైడ్ చోట ఊరికే నిలబడితే తప్పు కాదు, అక్కణ్నుంచి ఆటలో వేలుపెడితేనే తప్పు. కార్నర్, గోల్ కిక్, త్రో-ఇన్ నుంచి నేరుగా బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ ఉండదు. ఇంటికెళ్లి నాలుగు అగ్గిపుల్లలు, ఓ శనగ గింజ పెట్టి నాన్నకు వివరించగలిగిన పిల్లాడికి నియమం వచ్చినట్టే.

మైదానం దాటి ఇంట్లోకి

ఫుట్‌బాల్ అంటే ఆసక్తి లేని ఇళ్లలోకీ ఈ మాటలు ఏనాడో వచ్చేశాయి. నాయకుడు నోరుజారి సొంత పార్టీకి నష్టం చేస్తే 'సెల్ఫ్ గోల్' అని పత్రికలు రాస్తాయి. ఇది మన దేశంలో బాగా చెలామణిలో ఉన్న మాట. ఇంగ్లండ్‌లో మాత్రం 'ఓన్ గోల్' అంటారు. శిబిరంలో, పరీక్షలో, ఇంటర్వ్యూలో ఓన్ గోల్ అనడమే క్షేమం. ఒప్పుకున్న షరతును మధ్యలో మార్చేస్తే 'గోల్‌పోస్టులు జరిపారు' అని ఇంగ్లిష్‌లో నిందిస్తారు. అందరికీ సమాన అవకాశం ఉంటే 'లెవెల్ ప్లేయింగ్ ఫీల్డ్'. ఎగుడుదిగుడు లేని మైదానం అన్నమాట. 'కిక్ ఆఫ్' చేయడం అంటే సమావేశాన్నో, పనినో మొదలుపెట్టడం. ఉద్యోగం పోయినవాణ్ని 'గాట్ ద బూట్' అంటారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అబ్బాయి 'బెంచ్ మీద ఉన్నా' అని ఫోన్‌లో చెబితే ఊళ్లో అమ్మ 'కుర్చీ ఇవ్వలేదా నాయనా' అని బెంగపడుతుంది. ఆడేందుకు సిద్ధంగా ఉండి, ఇంకా పిలుపు రాక బయట కూర్చున్న ఆటగాడి మాట అది. చేతిలో ప్రాజెక్టు లేదని అర్థం.

అంటే పిల్లలు మైదానంలో నేర్చిన మాట అక్కడే ఆగిపోదు. రేపు పేపర్ చదివేటప్పుడు, ఎల్లుండి ఉద్యోగంలో చేరినప్పుడు అదే మాట మళ్లీ ఎదురవుతుంది. అప్పుడది పాత చుట్టంలా పలకరిస్తుంది.

రహీం సాబ్ పోటీలు

1962 స్వర్ణం గెలిచిన జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. ఉస్మానియాలో చదువుకుని బడిపంతులుగా పనిచేశారు. తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు వచ్చింది ఆయన శిక్షణలోనే. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1962 జట్టులో ఉన్నారు. జకార్తా విజయం తర్వాత ఏడాది తిరక్కుండానే, 1963 జూన్‌లో రహీం కన్నుమూశారు.

పంతులు కాబట్టి కాబోలు, ఆయనకు నేర్పే కిటుకులు బాగా తెలుసు. హైదరాబాద్‌లో కుర్రాళ్ల కోసం చిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ గొప్పలకు పోకుండా వెంటనే పాస్ చేయాలి. ఇంకోదాంట్లో బలహీనమైన కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితో ఆడాలన్న మాట. మొదట్లో బంతి ఎటో పోతుంది. చూసేవాళ్లు నవ్వుతారు. కానీ ఆ పోటీలో అందరిదీ అదే అవస్థ. కాబట్టి సిగ్గు ఉండదు. రోజూ ఆడగా ఆడగా ఎడమ కాలూ మాట వింటుంది.

మన ఊళ్ల పిల్లలకు ఇంగ్లిష్ ఎడమ కాలే. తెలుగు కుడి కాలు. దాని బలం దానికి ఉంది, దాన్ని మానుకోవాల్సిన పని లేదు. ఎడమ కాలికి మాత్రం విడిగా ఆట కావాలి. పరీక్ష లాంటి చోట కాకుండా, తప్పు తన్నినా ఎవరూ తిట్టని చోట కావాలి. బంతి దొరికే ప్రతి ఊళ్లోనూ అలాంటి చోటు ఉంది.

ఇంట్లో చేయదగినవి

బడిలో పీఈటీ సారు వారానికి ఐదు మాటలు ఎంచుకుని, ఆ వారమంతా వాటిని ఇంగ్లిష్‌లోనే అరవాలని నియమం పెట్టవచ్చు. ఐదుకు మించితే మళ్లీ బట్టీయే అవుతుంది. మాట చెప్పగానే చేసి చూపించాలి. మార్క్ అంటే మార్క్ చేయాలి, టర్న్ అంటే తిరగాలి. అర్థం నోట్సులో రాయించడం ఆ తర్వాత పని.

ఇంట్లో అయితే ఆదివారం పేపర్లో తెలుగులో వచ్చిన మ్యాచ్ వార్తను పిల్లలతో పైకి చదివించి, అందులోంచి మూడు వాక్యాలను ఇంగ్లిష్‌లో చెప్పమనాలి. ఎవరు ఎవర్ని బీట్ చేశారు, ఎవరు స్కోర్ చేశారు, స్కోరెంత. ఈ మూడు చాలు. అమ్మానాన్నలకు ఇంగ్లిష్ రాకపోయినా నష్టం లేదు. 'అంటే ఏంటి?' అని అడిగితే చాలు. చెప్పేవాడు నేర్చుకుంటాడు. టీవీలో మ్యాచ్ వస్తే కామెంటరీని ఇంగ్లిష్‌లో పెట్టి, తెలిసిన మాట వినిపించినప్పుడల్లా వేలు ఎత్తడం చిన్నపిల్లలకు మంచి ఆట.

అన్నింటికంటే ముందు నేర్పాల్సిన వాక్యానికి ఫుట్‌బాల్‌తో సంబంధం లేదు. కోచ్ గబగబా ఇంగ్లిష్‌లో ఏదో చెబుతాడు. అందరూ తలూపుతారు. అర్థంకాని పిల్లా తలూపుతుంది. ఆట మొదలయ్యాక తప్పు చోట నిలబడుతుంది. ఆటే రాదనుకుని కోచ్ పక్కన పెట్టేస్తాడు. కాళ్లలో ఉన్న విద్య ఒక్క మాట దగ్గర ఓడిపోతుంది. ఆ తలూపుడు మానిపించాలి. 'సర్, ప్లీజ్ సే దట్ అగెయిన్'. ఇంకోసారి చెప్పండి సార్ అని. ఇదొక్కటీ నాలుకకు పట్టేదాకా ఇంట్లో రోజూ అనిపించాలి. అన్నం పెట్టేటప్పుడు అమ్మ ఏది చెప్పినా అర్థం కానట్టు ముఖం పెట్టి, పిల్లలు ఆ వాక్యాన్నే అనాలి. నాలుగు రోజులు నవ్వులాటగా ఉంటుంది. శిబిరానికి వెళ్లిన రోజున అదే అక్కరకొస్తుంది.